కూలి లెక్కకు రాని కృప

(ఓరుగల్లులో శిలువ: గత సంచిక తరువాయి)

1878 జులై 3, బుధవారం. ఒంగోలుకు ఉత్తరాన పది మైళ్ల దూరంలో వెల్లంపల్లి. గుండ్లకమ్మ ఏట్లో నడుము లోతు నీళ్లలో ఇద్దరు బోధకులు నిలబడ్డారు. ఒడ్డు మీద ఒకాయన జాబితా పట్టుకుని పేర్లు చదువుతున్నాడు. పేరు పిలిచిన మనిషి నీళ్లలోకి దిగుతాడు. బోధకుడు అతన్ని వెనక్కి వాల్చి ఒక్క మునక ముంచి లేపుతాడు. ఆ మనిషి నీళ్లోడుతున్న బట్టలతో ఒడ్డెక్కేలోగా ఇంకో పేరు. నీళ్లలో ఉన్న ఇద్దరూ అలిసిపోతే మరో ఇద్దరు దిగుతారు. అలా ఆరుగురు వంతులేసుకున్నారు. మధ్యాహ్నం ఎండ వేళ కాసేపు ఆపి, మళ్లీ మొదలుపెట్టి, పొద్దుగూకేసరికి 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. ముందు రోజు 614 మంది, మర్నాడు 700 మంది. జూన్ మధ్య నుంచి ఆ ఏడాది చివరిదాకా మొత్తం లెక్క 9,606.

ఇంత జనాన్ని కూడగట్టిన జాన్ ఎవరెట్ క్లౌ దొర ఆ రోజు నీళ్లలోకి దిగలేదు. ఒడ్డునే ఉండి ఏర్పాట్లు చూసుకున్నాడు. ముంచింది, తేల్చింది అంతా తెలుగు బోధకులే.

పోయిన వారం మనం 1879లో హనుమకొండ చేరిన లౌరిడ్జ్ దొర దగ్గర ఆగాం. ఆయన్ని అక్కడే నిలబెట్టి ఒంగోలు పోవడమేమిటని అడిగేవాళ్లుంటారు. కారణం ఉంది. లౌరిడ్జ్‌ను పంపిన అమెరికన్ బాప్టిస్టు తెలుగు మిషనుకు అప్పటికి గుండ్లకమ్మ తడి ఆరలేదు. నలభై ఏళ్లు గింజ రాలని చేను ఒక్క వానకు పండినట్టయింది వాళ్ల పని. 1836లో శామ్యూల్ డే విశాఖపట్నం వచ్చాడు. 1840లో నెల్లూరులో స్థిరపడ్డాడు. ఫలితం ఎంత అంతంతమాత్రమంటే, 1853లో అమెరికాలోని ఆల్బనీలో జరిగిన సభలో ఈ తెలుగు మిషనును మూసేద్దామా అని చర్చ పెట్టుకున్నారు. మూసేయలేదు. పాతికేళ్లకు ఒక్క రోజులో రెండువేల పైచిలుకు మంది చేరారు. అక్కడి నుంచే అసలు తగువు మొదలైంది. వీళ్లు దేవుడి కోసం వచ్చారా, గింజల కోసం వచ్చారా?

ఈ అనుమానం గాలిలోంచి పుట్టింది కాదు. 1876లో మొదలైన ధాత కరువు దక్షిణాదిని పీల్చి పిప్పిచేసింది. కరువు పనుల్లో సర్కారు ఇచ్చే కూలిని రిచర్డ్ టెంపుల్ అనే పెద్ద అధికారి ఎంతకు కుదించాడంటే, మగమనిషికి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా. అంటే అరకిలో కూడా లేని గింజలు. దాంతో మట్టి మోయగలరా అని మద్రాసులో డాక్టర్లే నిలదీశారు. అప్పుడు మద్రాసు గవర్నరు బకింగ్‌హాం డ్యూకు. ఆయన పేరుతోనే ఈరోజుకీ నిలిచిన కాలువ తవ్వకం ఆ రోజుల్లో కరువు పనుల్లో ఒకటి. అందులో మూడున్నర మైళ్ల ముక్కను క్లౌ గుత్తకు తీసుకున్నాడు. కుర్రతనంలో అమెరికాలో సర్వే పని చేసిన మనిషి, గొలుసు పట్టడం, మట్టి కొలవడం తెలిసినవాడు. తన బోధకులనే మేస్త్రీలుగా పెట్టాడు. వేలాది మంది ఆ పనిలో బతికారు. పలుగు దించి సేద తీరేటప్పుడు బోధకులు పక్కన కూర్చుని, భారం మోసి అలసినవాళ్లను యేసు తన దగ్గరికి రమ్మన్నాడని చెప్పేవారు. అక్షరాలా భారం మోస్తున్నవాళ్లకు ఆ మాట చెప్పడమంటే ఆలోచించండి, అది ఏ చెవిన పడుతుందో.

జనం బాప్తిస్మం అడిగారు. క్లౌ ఇవ్వలేదు.

ఒక నెల కాదు, రెండు నెలలు కాదు, దాదాపు పదిహేను నెలలు ఇవ్వలేదు. చేతిలో కూలి డబ్బులు ఉన్నంతకాలం ఎవరినీ చేర్చుకోనన్నాడు. కాలువ పని అయిపోయి, కరువు డబ్బు చెల్లిపోయాక, ఇక నా దగ్గర ఇవ్వడానికేమీ లేదు, ఇళ్లకు పొండని చెప్పి చూశాడు. డబ్బు అడగడానికి రాలేదని, బాప్తిస్మం కోసమే వచ్చామని, అది లేకుండా పోమని వాళ్లు అక్కడే కూర్చున్నారు. గుండ్లకమ్మ ఒడ్డున జరిగింది ఆ తర్వాతి కథ.

ఆ పదిహేను నెలల సంగతి చాలామంది చరిత్రకారులు క్లౌ నిజాయితీకి నిదర్శనంగా రాసి ముందుకు పోతారు. నాకు అంతకంటే పెద్ద సంగతి అందులో కనిపిస్తుంది. అవి జనం కరువుతోనూ, దాని వెంట వచ్చిన కలరాతోనూ ఈగల్లా రాలిపోయిన నెలలు. బాప్తిస్మం లేకపోతే ఆత్మకు గతి లేదని గట్టిగా నమ్మే పాతకాలపు కతోలిక గురువైతే అన్నాళ్లు ఊరుకోగలిగేవాడా? చచ్చేవాడి నెత్తిన చెంబెడు నీళ్లయినా పోసేవాడు. క్లౌ ఆగగలిగాడంటే, బాప్టిస్టు కాబట్టి ఆగగలిగాడు. బాప్టిస్టుల లెక్కలో నీళ్లు రక్షించవు. రక్షణ విశ్వాసంతోనే వస్తుంది. మునగడం అప్పటికే వచ్చినదానికి నలుగురి ముందు ఇచ్చే సాక్ష్యం. పసిపిల్లలకు వాళ్లు బాప్తిస్మం ఇవ్వకపోవడానికీ కారణం ఇదే. విశ్వసించే వయసు రానివాడు దేనికని సాక్ష్యమిస్తాడు? కాబట్టి విశ్వసించి, మునగకముందే చచ్చిపోయిన కూలివాడు కూడా రక్షణ పొందినవాడే. సిద్ధాంతం పుస్తకాల్లో ఉండే వ్యవహారమనుకుంటాం గానీ, కరువులో ఒక మనిషి ఎంతకాలం ఆగగలడో కూడా అదే నిర్ణయించింది.

ఇక్కడ కాస్త వెనక్కి పోయి, ఈ విశ్వాసం, క్రియలు అనే తగువు ఎక్కడ మొదలైందో చూడాలి.

మొదటి శతాబ్దంలో పౌలు రోమా సంఘానికి ఉత్తరం రాస్తూ, మనిషి దేవుడి ముందు నీతిమంతుడనిపించుకునేది ధర్మశాస్త్రం ప్రకారం చేసిన పనులతో కాదు, విశ్వాసంతో అని వాదించాడు. దానికి ఆయన ఇచ్చిన ఉపమానం కూలి. పని చేసినవాడికి ఇచ్చే కూలి దానం కాదు, బాకీ. దేవుడు మనిషికి బాకీ పడడు. కాబట్టి ఆయన ఇచ్చేది కూలి కాదు, కృప. ఈ మాట రాసిన మనిషి చేతిపని తెలిసినవాడు. కొరింథులో అకుల, ప్రిస్కిల్ల అనే దంపతులతో కలిసి డేరాలు కుడుతూ బతికాడు. ఆయన చేసింది నేత పనా, తోలు పనా అని పండితులు ఇప్పటికీ తేల్చుకోలేదు. మన వరంగల్‌లో ఈ రెండింట్లో ఏదైనా చెల్లుతుంది.

కొత్తవాడలో ఈ ఉపమానం చెప్పి చూశాను. జంపఖానాలకు పేరుపడిన పేట అది. వరంగల్ జంపఖానాకు 2018లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మగ్గం మీద కూర్చున్న పెద్దాయన పేక కొడుతూనే విన్నాడు. ఆయన క్రైస్తవుడు కాడు, ఆ వాడలో చాలామంది లాగే పద్మశాలి.

"గిదేం లెక్క సారూ? నేను జంపఖాన దించితేనే నాకు పైసలు. దించకముందే కూలి ఇచ్చెటోడు యాడుంటడు?"

"అందుకే దాన్ని కూలి అనొద్దంటున్నాడు కాకా, ఆ రాసినాయన."

"మరి ఇచ్చినంక నేను నెయ్యకుంటే?"

సరిగ్గా ఇదే ప్రశ్న మొదటి శతాబ్దంలోనే వచ్చింది. యాకోబు పేరుతో ఉన్న పత్రిక అడిగేది అదే. బట్టల్లేక, తిండి లేక ఉన్నవాడితో చల్లగా ఉండవయ్యా అని చెప్పి పంపేస్తే ఏం లాభమని, క్రియలు లేని విశ్వాసం చచ్చిన విశ్వాసమని గట్టిగా మందలిస్తుంది. తమాషా ఏమిటంటే పౌలు, యాకోబు ఇద్దరూ సాక్ష్యానికి పిలిచింది ఒక్కడినే, అబ్రాహామును. విశ్వసించాడు కాబట్టి నీతిమంతుడయ్యాడని పౌలు. కొడుకును బలి ఇవ్వడానికి సిద్ధపడ్డాడు కాబట్టి నీతిమంతుడయ్యాడని యాకోబు.

పదిహేను వందల ఏళ్ల తర్వాత మార్టిన్ లూథర్ ఈ తగువును మళ్లీ తవ్వాడు. రోములో పెద్ద దేవాలయం కట్టడానికి పాప శిక్ష తగ్గించే పత్రాలు అమ్ముతుంటే కడుపు మండి 1517లో తన వాదాలు బయటపెట్టాడు. రక్షణ కేవలం కృప వల్ల, విశ్వాసం వల్ల అన్నాడు. యాకోబు పత్రిక ఆయన దారికి ఎంత అడ్డు తగిలిందంటే, దాన్ని గడ్డిపోచ పత్రిక అనేశాడు. అయితే కతోలికులు పుణ్యం చేసి స్వర్గం కొనుక్కోవచ్చన్నారనీ, లూథర్ మంచి పనులు వద్దన్నాడనీ మన దగ్గర కొందరు ప్రసంగాల్లో చెప్పేస్తుంటారు. రెండూ తప్పే. 1547లో ట్రెంటు సభ చేసిన తీర్మానంలో మొదటి మాటే, కృప లేకుండా మనిషి తన క్రియలతో నీతిమంతుడు కాలేడని. వాళ్లు ఒప్పుకోనిది, మనిషి సహకారానికి ఏమీ విలువ లేదనడం. లూథర్ కూడా మంచి చెట్టుకు మంచి పండు కాస్తుందన్నవాడే. పండు కాసినందువల్ల చెట్టు మంచిదవదు అన్నదే ఆయన పట్టు. ఈ రెండు పక్షాలు కూర్చుని ఒక ఉమ్మడి ప్రకటన మీద సంతకాలు పెట్టేసరికి 1999 అక్టోబర్ 31 వచ్చింది.

తెలుగువాళ్లకు ఈ తగువు మరీ పరాయిదేం కాదు. కోతిపిల్ల తల్లిని తానే పట్టుకుని వేలాడుతుంది. పిల్లికూనను తల్లే నోట కరుచుకుపోతుంది. భక్తుడి ప్రయత్నం ఎంత, భగవంతుడి దయ ఎంత అని శ్రీవైష్ణవులు రెండు తెగలుగా విడిపోయి వాదించుకున్నది దీని గురించే. క్లౌకు మొట్టమొదట దారి చూపిన తెలుగువాడు కూడా ఇలాంటి వెతుకులాటలోంచి వచ్చినవాడే. ఆయన యర్రగుంట్ల పేరయ్య. మాదిగ, తోళ్ల వర్తకం మీద ఊళ్లు తిరిగేవాడు. క్రైస్తవుల మాట వినకముందే గురువుల దగ్గర రాజయోగం నేర్చి, ఏళ్ల తరబడి సాధన చేసి, తనకూ శిష్యులున్న మనిషి. 1866లో ఒంగోలులో అదే మిషనుకు చెందిన జ్యూయెట్ దొర చేతి మీదుగా బాప్తిస్మం తీసుకున్నాడు. మరుసటి ఏడాది జనవరిలో క్లౌ ఆయన ఊరు వెళ్తే ఇరవై ఎనిమిది మంది సిద్ధంగా ఉన్నారు. విశ్వాసం ఏమిటో వాళ్లకు అప్పటికే పేరయ్య చెప్పి ఉంచాడు.

ఆ తర్వాత ఒంగోలు అగ్రవర్ణాలవాళ్లు క్లౌకు ఒక షరతు పెట్టారు. ఈ మాదిగలను వదిలెయ్, మేం వస్తాం. క్లౌ, ఆయన భార్య హ్యారియెట్ ఆ రాత్రి చెరో గదిలో బైబిలు తెరిస్తే ఇద్దరికీ కొరింథు పత్రికలో ఒకే చోటు కనబడిందట. లోకంలో నీచులనిపించుకున్నవాళ్లనే దేవుడు ఎన్నుకున్నాడన్న చోటు. క్లౌ తన ఆత్మకథలో చెప్పుకున్న సంగతిది. నమ్మడం, నమ్మకపోవడం మీ ఇష్టం. షరతును మాత్రం ఒప్పుకోలేదు.

ఇక ఈ వారం నేను చెప్పదలచుకున్న అసలు సంగతికొస్తాను. విశ్వాసమే చాలు, క్రియలు రక్షించవు అని బోధించిన ఈ మిషను, పల్లెలో చేరినవాళ్లను దేనితో కొలిచింది? క్రియలతోనే. కొత్తగా చేరేవాళ్లకు మూడు కట్టుబాట్లు పెట్టారు. ఆదివారం పని చేయకూడదు. చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు. విగ్రహాలకు మొక్కకూడదు. చదవడానికి మూడు చిన్న నిషేధాల్లా ఉంటాయి. వాటిని ఒక మాదిగవాడలో పెట్టి చూడండి.

చచ్చిన గొడ్డు మాదిగవాడికి ఊరు విదిల్చే జీతం. దానికి బదులు అతను రైతుకు మోటబొక్కెన కుట్టాలి, చెప్పులు ఇవ్వాలి, పిలిచిన రోజున పొలానికి పోవాలి. జాతరొస్తే డప్పు కొట్టాలి. తినను అన్నాడంటే జీతమే వద్దన్నట్టు. మొక్కను అన్నాడంటే పోలేరమ్మ ముందు డప్పు మోగదు. ఆదివారం రాను అన్నాడంటే, కోతల మధ్యలో కూలివాడు తన రోజు తనదన్నట్టు. తరతరాలుగా రోజులన్నీ దొరవే అయిన మనిషికి వారానికి ఒక రోజు సొంతమైంది. ఊళ్లకు కోపం రాక ఏమవుతుంది? కొన్ని చోట్ల వెలివేశారు, కొన్ని చోట్ల కొట్టారు. ఈ మూడు కట్టుబాట్లు రక్షణకు మూల్యం అని ఏ బోధకుడూ చెప్పలేదు. కానీ ఊరి కళ్లకు విశ్వాసం కనపడింది వీటిలోనే. గింజలకోసం మతం మారారని వెక్కిరించినవాళ్లు ఈ లెక్క వేసుకోలేదు. కరువు గింజలు కొద్ది నెలల మాట. ఊరితో పెట్టుకున్న తగువు జీవితకాలానిది.

అలాగని అందరూ నిప్పులాంటి విశ్వాసంతో వచ్చారని రాస్తే అదీ అబద్ధమే. రెండు వేలమంది మనసులను ఒక్క రోజులో ఎవరు తూచగలరు? చుట్టాలు దిగారని దిగినవాళ్లుంటారు, కరువులో బువ్వ పెట్టిన దొర మీద గురితో దిగినవాళ్లుంటారు. ఆకలిగొన్నవాడికి బువ్వ పెట్టడం మంచి పని అని ఒప్పుకుంటూనే, పెట్టినవాడి దేవుణ్ని అతను నమ్మితే అది దొంగ నమ్మకమనడం ఎందుకో నాకు ఎప్పుడూ అర్థం కాలేదు.

క్లౌ కథ ఆయనతోనే ఆగలేదు. హ్యారియెట్ పోయాక ఆయన ఎమ్మా రౌషెన్‌బుష్‌ను పెళ్లాడాడు. ఒంగోలు మాదిగల యోగ గురువుల మీద, పాత నమ్మకాల మీద 1899లో పుస్తకం రాసిన విదుషీమణి ఆమె. ఆమె తమ్ముడే వాల్టర్ రౌషెన్‌బుష్. 1907లో ఆయన రాసిన పుస్తకం అమెరికా చర్చిలను కుదిపేసింది. రక్షణ అంటే ఒక్కొక్క ఆత్మ పరలోకం చేరడమే కాదు, కూలి, ఆకలి, అన్యాయం ఉన్న సమాజం మొత్తం మారడమని ఆయన వాదం. క్లౌ ఆత్మకథను ఎమ్మాయే అక్షరబద్ధం చేసింది. దానికి వాళ్లు పెట్టుకున్న పేరులోనే సామాజిక క్రైస్తవం అన్న మాట ఉంది. న్యూయార్క్ మురికివాడల్లో తమ్ముడు, గుండ్లకమ్మ ఒడ్డున అక్క.

ఇప్పుడు హనుమకొండకు వద్దాం, లౌరిడ్జ్ దొర పాపం చాలాసేపటి నుంచి నిలబడి ఉన్నాడు. ఇది నైజాం రాజ్యం. బ్రిటిష్ కలెక్టర్ లేడు, బకింగ్‌హాం కాలువ లేదు. గుండ్లకమ్మ మళ్లీ ఇక్కడ పారలేదు. హనుమకొండ మిషనుకు పేరు తెచ్చింది ఆసుపత్రి. టింపనీ డాక్టరు నడిపిన విక్టోరియా మెమోరియల్ ఆసుపత్రికి అన్ని కులాలవాళ్లూ, ముసల్మానులూ వచ్చారు. మందు తీసుకున్నవాళ్లంతా బాప్తిస్మం తీసుకోలేదు. సిద్ధాంతం ప్రకారం చూస్తే అందులో నష్టమేమీ లేదు. మంచి పని రక్షణకు వెల కానప్పుడు, చేసినవాడు దానికి ప్రతిఫలం అడగడం కూడా కుదరదు. కానీ అమెరికాలో చందాలిచ్చేవాళ్లు ఏటేటా బాప్తిస్మాల లెక్క అడిగేవారు. కృపను లెక్కగట్టకూడదన్నవాళ్లే పట్టికలు పంపమని ఉత్తరాలు రాసేవారన్నమాట!

నైజాంలోనే ఇంకో చోట కరువు, కూలి, చర్చి కలిసిన కథ మీకందరికీ తెలిసిందే. మెదక్. చార్లెస్ పోస్నెట్ కరువులో జనానికి పని కల్పించడానికే ఆ చర్చి కట్టడం మొదలుపెట్టాడని చెబుతారు. 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ జరిగిన ఆ కట్టడాన్ని చూడ్డానికి పోయేవాళ్లలో క్రైస్తవేతరులే చాలామంది. మెదక్ వెస్లియన్ మెథడిస్టులది. క్రియల గురించి వాళ్ల మూలపురుషుడు జాన్ వెస్లీకి లూథర్‌కంటే మెత్తటి చూపు. దాని జోలికి పోతే ఈ సంచిక చాలదు.

గింజల క్రైస్తవులన్న నింద మాత్రం నైజాం ఉన్నన్నాళ్లూ పోలేదు, నైజాం పోయాక కూడా పోలేదు. 1936లో హరిజన్ పత్రికలో గాంధీజీ, ఆసుపత్రులు, బడుల సేవ వెనక మతం మార్చే ఉద్దేశం ఉండకూడదని పదేపదే రాశాడు. ఆ మాటలు సూటిగా తగిలినవాళ్లలో మన పొరుగునున్న డోర్నకల్ బిషప్ అజరయ్య ఒకడు. తర్వాత 1950 ఆగస్టులో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకు పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. తెలుగు రాష్ట్రాల్లో ఎస్సీ నుంచి క్రైస్తవంలోకి వచ్చినవాళ్లు బీసీ–సీ. పదిహేను శాతం రిజర్వేషన్ ఉన్న జాబితాలోంచి ఒక శాతం ఉన్న జాబితాలోకి వస్తారు. తాతను గింజల కోసం మునిగాడన్నారు. మనవడు మునిగితే చేతిలో ఉన్న గింజలు కూడా పోతాయి. అందుకే ఎన్నో ఇళ్లలో ఆదివారం ఒక పేరు, తహసీల్దారు ఆఫీసులో ఒక పేరు. పాస్టర్లకు తెలుసు, తహసీల్దార్లకూ తెలుసు.

వచ్చే వారం అజరయ్య. తిరునల్వేలి నుంచి వచ్చి తెలుగు నేర్చుకుని, 1912 డిసెంబర్ 29న కలకత్తాలో ఆంగ్లికన్ సంఘానికి మొదటి భారతీయ బిషప్‌గా అభిషేకం పొందిన ఆయన, గాంధీజీకి ఏమని జవాబు చెప్పుకున్నాడో చూద్దాం.

(సశేషం)